కాసులమ్మ కలిపిన మేత

మా కాసులమ్మ వంట గురించి నన్నడక్కండి. ఉప్పెక్కువ, పులుపు తక్కువ. చేపలకి మేత కలిపితే మాత్రం ఆవిడ చేతికి తిరుగులేదు. డాక్‌లో మూటలు మోసి రిటైరైన ఈ గోవిందరాజు పెళ్ళాన్ని పొగిడేది ఆ ఒక్క విషయంలోనే!

సాల్ట్ లేక్ అవతల భేరీలో, అదే చేపల చెరువుల్లో, ఇరవై రెండేళ్ళు పనిచేసింది. మాది శ్రీకాకుళం తీరం, బతుకుతెరువుకి ఈ బెంగాలీ ఊరొచ్చాం. అక్కణ్ణించి సముద్రంలో చేపలు పట్టే వాళ్ళన్న సోములు నెత్తళ్ళనే చిన్న ఎండుచేపల బస్తాలు రైల్లో వేస్తే, షాలిమార్‌లో నేను స్టేషనుకెళ్ళి దింపుకునేవాణ్ణి. ఆవిడ వాటిని రోట్లో దంచి, ఆవచెక్క, తవుడు కలిపి, చిల్లుల సంచుల్లో నింపి చెరువులో వెదురుగడలకి కట్టేది. సాయంత్రం సంచి ఎత్తి చూసేది. ఖాళీ అయితే ఆ రోజు ఇంట్లో పాటలే పాటలు. అబ్బా, ఏం రోజులవి! మెటియాబ్రుజ్‌లో మా గదంతా నెత్తళ్ళ కంపే. పక్కింటి దర్జీ దాదా ముక్కు మూసుకుని పోయేవాడు. ఇప్పుడా కంపుకే మొహం వాచి ఉన్నాను.

పోయినేడు మేత మీద పరిశోధనంటూ మైథిలి అనే హైదరాబాదు పిల్ల వచ్చింది. "పెద్దమ్మా, సముద్రంల చిన్న చేపలన్నీ ఊడ్చి పెద్ద చేపలకు పెడితే ఎట్ల? సోయాపిండి పెట్టి చూద్దాం," అంది. ఆ పిల్లకి ఓ చెరువిచ్చారు. నాలుగు నెలల్లో చేప బాగా ఎదిగితే భేరీ మొత్తానికీ మిల్లు నుంచి సోయా గుళికలే వస్తాయి. ఇక రోలక్కర్లేదు. అంటే మా ఆవిడా అక్కర్లేదు.

మొదటి వారం సంచులు నిండుగానే పైకొచ్చాయి. చేపలు ముట్టలేదు. పాపం ఆ పిల్ల గట్టుమీద ఏడుపుమొహం పెట్టుకుని కూర్చుంది. నేను లోలోపల సంబరపడ్డాను, దాచుకోవడం ఎందుకు!

కాసులమ్మ ఆ పిండి చిటికెడు నాలుక మీద వేసుకుంది. "ఒకేపాలి మార్చీసినావేటమ్మా? సంటిబిడ్డ చేత పాలు మానిపించినట్టు మెల్లగా మానిపించాల," అంది. తొమ్మిది వంతులు పాత మేత, ఒక వంతు సోయా. వారానికో వంతు పెంచుకుంటూ పోయింది.

ఇంట్లో నేను ఇంతెత్తున లేచాను. "నీకేటే, మతిపోయిందా? నోర్మూసుకుని ఉంటే నీ పని నీకుండును కదా!"

"చేపలు పస్తుంటే నానింటికొచ్చి కూడెలా తినీది? అయినా మా అన్న వల ఖాళీగా వస్తంది, నీకు తెల్దా?"

నాకు తెలుసు. బస్తాలు తగ్గిపోయి రెండేళ్ళయింది. 

నాలుగో నెల్లో వల లాగితే బొచ్చెలు, రోహులు నిగనిగలాడుతూ పడ్డాయి. మైథిలి ఆవిడ చేతులు పట్టుకుని గంతులేసింది. ఆ వారమే మేనేజరు ఆవిణ్ణి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఇక రానక్కర్లేదని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు లెండి.

ఆఖరి రోజు ఆవిణ్ణి తీసుకురావడానికి నేనే వెళ్ళాను. "మిషను మేత చల్లీసినా, రోజూ ఓపాలి నువ్వొచ్చి సూసుకోమ్మా. తిన్నాయో లేదో అవి నోరిప్పి సెప్పవు," అని మైథిలికి అప్పజెప్పింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. మా ఆవిడ మాత్రం చుక్క కన్నీరు పెట్టలేదు.

ఆటో ఎక్కాక నా భుజం మీద తల పెట్టింది. "బాగానే తిన్నాయి కదయ్యా?" అంది.

"తిన్నాయే," అన్నాను.