జాజు రంగు గీత

శనివారం, తూంకుంట.

ఈ ఉదయం మా ఇంటికి పెయింటర్ రావలసింది. గురువారం ఛాతీనొప్పితో పోయాడని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. నిన్న నమాజు తర్వాత శామీర్‌పేటలో ఖననం కూడా అయిపోయింది. నా తప్పు ఒకటి ఆయన పేరు మీద ఉండిపోయింది. అందుకే మన కాలనీ పత్రికకు ఇది రాస్తున్నాను.

ఏ గదికి ఏ రంగు, సోఫా ఎటువైపు, పరదాలు ఎలాంటివి అని ఇక్కడ ఇల్లు కట్టినవాళ్లంతా ఆయననే అడిగేవారు. ఆయన వెంటనే రంగుల పుస్తకం తెరిచేవాడు కాదు. చెప్పులు విడిచి, కళ్లు మూసుకొని, మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా నడిచేవాడు. చెయ్యి గోడకు తగిలిన చోటల్లా ఎర్ర చాక్‌పీసుతో గీత పెట్టేవాడు.

“చూడవచ్చినోళ్లు గడియసేపు కూసొని పోతరు టీచరమ్మా. దినాం నడిచేది మీరే” అనేవాడు.

నేను లెక్కలు చెప్పినదాన్ని. టేపు లేకుండా కొలతేమిటని విసుక్కునేదాన్ని.

మావారికి చూపు మందగించింది. అందుకని బాత్రూం గడపకూ, అటు వెళ్లే గోడ మీద చేతికందే ఎత్తులో పట్టీలాగానూ జాజు రంగు వేశాడు. పల్లెల్లో అరుగులకు పూసే ఆ ఎరుపు నాకు నచ్చలేదు. దుమ్ము ఎక్కడున్నా కనబడాలని ఇల్లంతా తెలుపే కోరుకున్నాను. మా అబ్బాయి మావారిని కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లిన పూట, ఆ ఎరుపు మీద తెల్లరంగు వేసేయమన్నాను.

“సారుకు తెలుపు మీద తెలుపు ఎట్ల కనబడ్తది? ఇంటిని దవాఖాన లెక్క జేస్తున్నరు.”

“చెప్పింది చేయండి.”

చేశాడు. రంగు ఏమైందని మావారు అడిగితే, పెయింటర్‌నే అడగండి అన్నాను.

నెల తిరగకముందే మావారు ఆ గడప తట్టుకొని పడ్డారు. మణికట్టు విరిగింది. చూపు సరిగా లేని మనిషున్న ఇంట్లో ఇంత తెలుపు ఎవరైనా వేస్తారా అని పరామర్శకు వచ్చిన ఎదురింటావిడ, తనలాగే వచ్చిన పెయింటర్ ముఖం మీదే అడిగింది. “తప్పే అమ్మా, సోంచాయించలే” అని, తానే ఆలోచించనట్టు ఒప్పుకున్నాడాయన. నేను టీ కప్పులు సర్దుతూ ఊరుకున్నాను. తర్వాత రెండిళ్లవాళ్లు వేరే పెయింటర్‌ని పెట్టుకున్నారని తెలిసీ ఊరుకున్నాను.

మళ్లీ ఆ ఎరుపే వేయించాలని మొన్న బుధవారం ఆయనను పిలిపించాను. మళ్లీ కళ్లు మూసుకొని నడిచి, గోడ పొడుగునా ఎర్ర చాక్‌పీసుతో గీత గీశాడు. ఆ రోజు తప్పు తన మీద ఎందుకు వేసుకున్నాడని అడిగాను.

“అప్పుడు సారు పక్క గదిల ఉండి ఇంటుండె గద. మీ మీద కోపమొస్తె ఇద్దరు ఒక్క ఇంట్ల ఉండాలె. నా మీదొస్తె ఏముంది, నేను మా ఇంటికి పోత.”

శనివారం రంగు తెస్తానని వెళ్లాడు.

ఇక జరగవలసినవి:

1. ఇది అచ్చు కాకముందే మావారికి నా నోటితో చెప్పాలి.

2. ఎదురింటావిడకు, ఆ రెండిళ్లవాళ్లకు కూడా. తెలుపు వేయించింది నేను. ఆయన వద్దన్నాడు.

3. ఆయన భార్య దగ్గరకు వెళ్లాలి. ఆమె ఏమన్నా వినాలి.

4. వచ్చే పెయింటర్ ఎవరైనా సరే, జాజు రంగే వేయాలి, ఆ గీత మీదనే. త్వరగా వేయించాలి. మావారు అప్పుడే ఆ గోడ పట్టుకొని నడుస్తున్నారు. గీత చెరిగిపోతోంది. ఈ ఉదయం ఆయన వేళ్ల కొసలు ఎర్రగా ఉన్నాయి.