ఆయన ఏకిన దూది

మా ఇంట్లో పొద్దున్నే పరుపు చుట్టడం మా ఆయన పని. నేను లేచి టీ నీళ్ళు పెట్టేసరికి ఆయన పరుపు చుట్టేసి, పాత మిలిటరీ బెల్టుతో బిగించి గోడకు నిలబెట్టేవాడు. తెల్లారాక పరుపు పరిచి ఉంటే ఇల్లు ఆసుపత్రిలా ఉంటుందనేవాడు. ఇప్పుడది రాత్రీ పగలూ పరిచే ఉంటోంది. చుట్టే బలం నా చేతుల్లో లేదు. చుట్టాలనీ లేదు. దాని పక్కనే చాప వేసుకుని పడుకుంటున్నాను.

ఆయన పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయిపోయింది. మా నూర్‌బాషా వాళ్ళం తాతల నాటి నుంచి దూది ఏకేవాళ్ళం. మా ఇంట్లో పోయినవాళ్ళ పరుపును ఉన్నదున్నట్టు ఎవరికీ ఇవ్వరు. కుట్లు విప్పి, దూది మళ్ళీ ఏకి, కొత్త గుడ్డలో నింపి లేనివాళ్ళకి ఇస్తారు. మొదటి కుట్టు ఇంటి ఆడమనిషే కొయ్యాలి. శుక్రవారం నమాజు అయ్యాక పరుపు కోసం ఆటో తీసుకొస్తానని మా మరిది మస్తాన్ ఫోన్ చేశాడు. సరేనన్నాను.

అనడమైతే అన్నాను గానీ, ఆ అన్నదమ్ముల మధ్య ఒక మాట ఉండిపోయింది. మస్తాన్ అనేసిన మాటను మస్తానే వెనక్కి తీసుకోవాలని మా ఆయన పోయేదాకా ఎదురుచూశాడు. ఆయన పోయాక ఆ ఎదురుచూపు నాకొచ్చింది.

ఆయన పేరు మదార్ సాహెబ్. ఉయ్యూరులో వాళ్ళది పరుపుల కొట్టు. మా మామగారు విల్లుతో దూది ఏకుతుంటే ఆ చప్పుడుకే నిద్రపోయి, ఆ చప్పుడుకే లేచి పెరిగాడు. పదో తరగతి తప్పి కొట్లో కూర్చున్నాడు. సైకిలుకి దిండ్లు కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. బేరం మాత్రం అబ్బలేదు. తగ్గించమంటే తగ్గించేవాడు, అడగకపోయినా ఒక్కోసారి తగ్గించేవాడు. వీడు కొట్లో ఉంటే మనం దూది తిని బతకాలని మామగారు నవ్వుతూనే తిట్టేవారట. ఒకసారి పరుపు గుడ్డ కోసం బెజవాడ వెళ్ళి, మిలిటరీ సెలెక్షన్లకి కుర్రాళ్ళు బారులు తీరి ఉంటే, భుజాన గుడ్డ మూటతోనే ఆ వరసలో నిలబడ్డాడు. ఇంటికొచ్చి మూట దించి, నన్ను తీసుకున్నారు అని చెప్పాడట. ఇంట్లో ఎవరూ నమ్మలేదట.

మా పెళ్ళి ఆయన సెలవులో వచ్చినప్పుడు అయింది. తర్వాత కూడా నాకు సెలవుల్లోనే మొగుడు. యుద్ధం కబుర్లు ఎవరడిగినా చెప్పేవాడు కాదు. లడఖ్ చలిలో బూట్లు విప్పకుండా కూర్చునే నిద్రపోయేవాళ్ళమని మాత్రం ఒకసారి అన్నాడు. హవల్దారుగా దిగిపోయి, మోకాళ్ళ నొప్పులతో ఇంటికొచ్చాడు. మాజీ సైనికుల కోటాలో పరీక్ష రాసి చల్లపల్లి పక్కన వీఆర్వో అయ్యాడు. పొద్దున్నుంచీ వరండాలో జనం. సంతకం అయిపోయాక ఎవరైనా అరటిగెల పెట్టి వెళ్తే ఊరుకునేవాడు కాదు. ఇచ్చెయ్, ఇచ్చెయ్ అని నన్ను తరిమేవాడు. ఎన్ని గెలలు గేటు దాకా మోసి తిరిగిచ్చానో నాకే తెలియదు. నా నడుం నొప్పి అక్కణ్ణుంచే మొదలైంది.

అప్పుడొచ్చింది ఆ తుపాను. ఏటి మధ్య లంక ఊళ్ళ జనాన్ని తెచ్చి మా ఊరి బళ్ళో పెట్టారు. అన్నం పొట్లాలు వచ్చాయి గానీ పడుకోవడానికి ఏమీ లేదు. ముసలివాళ్ళు తడి గచ్చు మీద వణుకుతున్నారు. మామగారి తర్వాత కొట్టు చూసుకునే మస్తాన్ సరుకు కోసం బెజవాడలో ఉన్నాడు, కొట్టు తాళం మా దగ్గర ఒకటి ఉండేది. మా ఆయన ట్రాక్టరు తీసుకుని ఉయ్యూరు వెళ్ళి, మాఘమాసం పెళ్ళిళ్ళకి కుట్టి పెట్టిన పరుపులు ఎక్కించి, పైన బరకం కప్పి తెచ్చాడు. బరువుగా ఉన్నవైతే వెచ్చగా ఉంటాయని అవే ఏరి ఎత్తాడు. అవి పత్తి పరుపులు. బూరుగు దూది నీటిని తొందరగా పట్టదు, పత్తి దప్పికతో ఉన్నట్టు తాగేస్తుంది. మా ఇళ్ళలో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఆ హడావుడిలో ఆయనకి తట్టలేదు. గాలికి బరకం లేచిపోయింది. బడికి చేరేసరికి పరుపులు పిండితే బిందెలు నిండేలా ఉన్నాయి.

రావమ్మ అని లంక ముసలామె ఒకతె ఆ చలిలో కూడా నవ్వింది.

"ఏమండీ సాయిబుగారూ, పరుపులు తెచ్చారా, చెరువు తెచ్చారా?"

దానికి ఆయన కూడా నవ్వాడు. మర్నాడు మస్తాన్ వచ్చి అన్నదానికి నవ్వలేకపోయాడు.

"దూది ఏకే ఇంట్లో పుట్టినోడెవడన్నా వానలో పత్తి పరుపు ఎత్తుతాడా? తుపాకీ పట్టి దూది మర్చిపోయావన్నా నువ్వు."

మా ఆయన ఆ వచ్చే ఆదివారం నుంచి ఉయ్యూరు వెళ్ళి, కొట్టు వెనక కూర్చుని, తండ్రి విల్లు దించి ఆ తడిసిన దూదంతా ఎండబెట్టి ఏకడం మొదలుపెట్టాడు. మస్తాన్ వద్దనలేదు. కానీ అన్న ఏకినదాన్ని చేత్తో ముట్టుకోకుండానే మళ్ళీ ఏకే మిషన్లో వేయించేవాడు. ఆ సంగతి మా ఆయనకి తెలుసు. తెలిసే వెళ్ళేవాడు. కనుబొమలకి దూది అంటుకుని ఇంటికొచ్చేవాడు. మస్తాన్ ఏమన్నా అన్నాడా అని అడిగితే, టీ తాగమన్నాడు అనేవాడు. ప్రతిసారీ నేను అదే అడగడం, ఆయన అదే చెప్పడం. చివరికి అడగడం మానేశాను.

మిషను దాకా పోనిది ఈ ఒక్క పరుపే. మరకలు పోలేదు, ఎవరూ కొనరని మస్తాన్ అంటే, ఆయనే ఏకి, ఆయనే కుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. రిటైరయ్యాక కూడా దీని మీదే పడుకున్నాడు.

దగ్గు ముదిరితే బెంజ్ సర్కిల్ దగ్గర ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. పాత లడఖ్ చలో, దూది దుమ్మో డాక్టరు తేల్చలేదు. మస్తాన్ రోజూ బ్రెడ్డు, పాలు తెచ్చేవాడు. చెరుకు రేటు గురించి, బందరు రోడ్డు ట్రాఫిక్ గురించి మాట్లాడేవాడు. మా ఆయన వాడి నోటివంకే చూస్తుండేవాడు. వాడు లేచి వెళ్ళిపోయాక గోడవైపు తిరిగేవాడు. స్పాంజి పరుపు మీద నిద్ర రావడం లేదు, ఇంటికి పోదాం అన్నాడు. తీసుకొచ్చాను. ఒక మధ్యాహ్నం ఈ పరుపు మీదే పోయాడు.

శుక్రవారం మస్తాన్ వచ్చాడు. చెప్పులు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని పరుపు మీద అరచెయ్యి పెట్టాడు. దూది ఏకేవాళ్ళు పరుపును కళ్ళతో చూడరు, అరచేత్తో చూస్తారు. ఒక మూల నుంచి నొక్కుకుంటూ వెళ్ళి, మా ఆయన పడుకునే చోట ఆగాడు. నొక్కి చెయ్యి తీశాడు. దూది మెల్లగా పైకి లేచింది. మళ్ళీ నొక్కాడు.

"మధ్యలో ఎప్పుడన్నా మళ్ళీ ఏకించారా వదినా?"

"లేదు. తుపాను ఏడాది కుట్టిందే."

"ఒక్క గడ్డ కట్టలేదు." అరచెయ్యి అక్కడే ఉంచాడు. "అన్న మర్చిపోలేదు వదినా."

ఆ మాట వింటే నాకు ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. అది నా చెవిన పడాల్సిన మాట కాదు.

"నాతో చెప్పి ఏం లాభం మస్తానూ," అన్నాను. కోపం లేదు, ఓపికే లేదు.

వాడు తువ్వాలుతో మొహం తుడుచుకుని, కత్తెర నా వైపు తిప్పి అందించాడు. మొదటి కుట్టు నేను కొయ్యాలని, ఆటో బయట ఆగి ఉందని గుర్తుచేశాడు. కత్తెర తీసుకుని మూల దగ్గర కూర్చున్నాను. నీలం దారంతో ఆయన వేసిన కుట్లు, దూరందూరంగా, కొంచెం వంకరగా ఉన్నాయి. కోస్తే ఆ దూది మిషన్లో పడి అందరి దూదిలాగే అయిపోతుంది. కత్తెర కిటికీలో పెట్టేశాను.

"ఏకిన దూదిని మళ్ళీ ఏకడం దేనికి? ఆటో పంపించెయ్."

పెద్దలు ఏమంటారోనని నసిగాడు. దానం ఇవ్వడానికి కొత్తది కుడదాం, నేనూ వచ్చి కుడతానన్నాను. వాడు ఆటోవాడితో మాట్లాడటానికి బయటికి వెళ్ళాడు. కుట్లు కుట్లుగానే ఉన్నాయి.