పెళ్లికొడుకు గడ్డం

మలింది రేవులో మంగలి ఎంబ్వానా, హెరాయిన్ మానిన నాటి నుంచి, రోజూ ఆసుపత్రి కిటికీ దగ్గర నర్సు ఎదుట దానికి బదులుగా ఇచ్చే మెథడోన్ మందు తాగి, మింగేశానని నోరు తెరిచి చూపిస్తాడు. అది పడేదాకా చేతులు వణుకుతాయి. పడ్డాక సాయంత్రందాకా కత్తి వెంట్రుకవాసి తప్పదు. ఏ రేవులోనైనా జనం మంగలి మొహం కన్నా ముందు చేతినే కదా చూసేది!

మానాక అతనికి దక్కిన మొదటి పెళ్లి గడ్డం షాలీది. పెళ్లినాడు మేనమామ డప్పులతో సహా తెల్లారకుండానే పెళ్లికొడుకుని తెచ్చి కూర్చోబెట్టి, మెడలో తువ్వాలు చుట్టాడు.

"మందు తాగొచ్చి గీస్తాను బాబాయ్."

"నీ కషాయం కోసం పెళ్లి ఆపాలట్రా? ఇంకో మంగలిని పిలుస్తా!"

"పిలవండి. ఈ చేత్తో మాత్రం గొంతు మీద కత్తి పెట్టను."

షాలీ నవ్వాడు. "గొంతు నాది మామయ్యా, నన్ను చెప్పనీ."

ఆ పొద్దున ఆసుపత్రి వరసలో ఎంబ్వానా వెనక తువ్వాలుతో పెళ్లికొడుకు, ఆ వెనక సణుగుతూ మేనమామ, డప్పులవాళ్లు నిలబడ్డారు.