వరద రాలే

గోదావరి ఒడ్డున ఇల్లిల్లూ తిరిగి ఏ ఇల్లు మునుగుతుందో రాసుకురమ్మన్నప్పుడు మా మండలాఫీసులో అందరూ నవ్వారు. నడి ఎండాకాలం అది. "గీ ఎండల ఏం మునుగుతదక్కా, ఇసుకనా?" అన్నాడు మా అటెండరు. నాకు తిక్క లేచింది. "నువ్వు మునుగుతవు, ఫస్టు నీ పేరే రాస్త" అని బండి తీశాను.

నవ్వులాటకు నవ్వులాటే గానీ, ఆ ఫారానికి విలువుంది. ఇదివరకు వరద వచ్చిందని ఎర్ర గీత పడ్డ ఇళ్లకు, నీళ్లు పెరగ్గానే మొదటి ట్రాక్టరు వెళ్తుంది. ముందు ఆ ఇళ్ల మనుషుల్ని, పశువుల్ని తీసుకొస్తారు. పచ్చ గీత ఇళ్ల వంతు ఆ తర్వాతే. అందుకే ఫారంలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా అడగాలని నిశ్చయించుకున్నాను.

ధర్మపురికి దిగువన ఒక ఊళ్లో ఒడ్డుకు దగ్గరగా పన్నెండిళ్ల వరస ఉంది. చివరి ఇల్లు ఒక ముసలమ్మది. మొగుడు లేడు, పిల్లల్లేరు, మోకాళ్లు లేవనివ్వవు. ఉన్నదల్లా ఒక్క బర్రె. దాని పాలమ్ముకునే బతుకు.

"ఎండల పడి సచ్చెటట్టున్నవు, జర కూసో బిడ్డా" అని చెంబెడు సల్ల చేతిలో పెట్టింది. ఆ మజ్జిగ గటగటా తాగి ఫారం తీశాను.

"అవ్వా, మీ ఇంట్లకు ఎన్నడన్న వరద వచ్చిందా?"

"వరదా? రాలే బిడ్డా."

"మంచిగ యాది చేసుకో."

"ఎన్నడు రాలే. మా దిక్కు వరద ఆగనే ఆగదు, సక్కగ కిందికి పోతది."

పన్నెండిళ్లలోనూ అదే జవాబు. నది కళ్లెదుటే కనబడుతుంటే రాకపోవడమేమిటని మనసు కాస్త పీకింది. కానీ తల మాడిపోతోంది, ఇంకో ఊరు మిగిలే ఉంది. వరసంతటికీ పచ్చ గీతలు కొట్టి వచ్చేశాను.

వానాకాలం రానే వచ్చింది. పైన ప్రాజెక్టు గేట్లెత్తారని ఒక పొద్దున ఫోన్లు మొదలయ్యాయి. ట్రాక్టర్లు లిస్టు ప్రకారం కదిలాయి. ఆ వరసకు వెళ్లేసరికి నడుముల్లోతు నీళ్లు. మనుషులంతా బయటపడ్డారు. ముసలమ్మను ఇద్దరు మంచంతో సహా ఎత్తుకొచ్చారు. బర్రె గుంజకు కట్టేసే ఉంది. ఎవరికీ దాని దగ్గరికి పోవడానికి వీలుకాలేదు.

మధ్యాహ్నం, అందర్నీ చేర్చిన బడిలో ఆమెను చూశాను. తడిచీరతో గోడకానుకుని కూర్చుంది. ఓదార్చాల్సింది పోయి ఆమె మీదే అరిచాను. నాకు సిగ్గుండాలి.

"రాలే అంటివి గదవ్వా! ఎన్నడు రాలే అంటివి!"

ఆమె నా వంక వింతగా చూసింది.

"నువ్వు వరద అడిగినవు. వానకు వాడల పారేది వరద. గది మాకు రాదు. గంగ వచ్చింది, రెండుసార్లు. పొయ్యిల దాకా వచ్చింది. గంగ సంగతి నువ్వు అడగకపోతివి."

మా దిక్కు గోదావరిని ఎవరూ గోదావరి అనరు. గంగే. స్నానానికి పోయినా గంగే, ఊరి మీదికి వచ్చినా గంగే.

"నీదే ఊరు బిడ్డా?"

"లక్సెట్టిపేటవ్వా."

"అయితే నువ్వు గంగొడ్డు పిల్లవే! మీ ఇంట్ల ఏమంటరు మరి?"

పరాయి ఊరిదాన్నయినా బాగుండేది. తెలియక అడిగానని కాళ్లు పట్టుకునేదాన్ని. తెలిసి తెలిసి, చేతిలో కాగితం ఉందని మా అమ్మ నేర్పిన మాట పక్కనపెట్టి కాగితం మాట అడిగాను.

"గంగనే అంటమవ్వా" అన్నాను.

తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. కొంగు పిండుకుంది.

"నాకు నడువస్త లేదు గని, నువ్వు జర పోయి చెప్పు బిడ్డా. నా తాన పాలు తీస్కునేటోళ్లు నాలుగిండ్లోళ్లు గీ బడిలనే ఉన్నరు. రేపటి సంది పాలు లేవని చెప్పు" అంది.