కప్పపిల్లల బువ్వమ్మ

ఆమెను అందరూ బువ్వమ్మ అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్లు ఒక శిశు సంరక్షణ కేంద్రంలో ఆయాగా చేసింది. ఎంత మొండికేసే పిల్లలైనా ఆమె ఒళ్లో కూర్చుంటే గిన్నె ఖాళీ అయ్యేది. వాళ్లు పెట్టిన పేరే చివరికి భర్త నోట కూడా స్థిరపడిపోయింది. ఆమెకు యాభై నాలుగో ఏడు నడుస్తుండగా ఆ కేంద్రం మూతపడింది. నాలుగు నెలలు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాక జంతుప్రదర్శనశాలలో సహాయకురాలి పని దొరికింది. జింకల దగ్గరో పక్షుల దగ్గరో వేస్తారనుకుంది. కప్పల గదిలో వేశారు.

"వాటికీ బువ్వ తినిపిస్తావా ఏమిటి?" అన్నాడు, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన ఆమె భర్త.

"తుడవడం, కడగడం, అంతే. ముట్టుకోమన్నారంటే మర్నాడే మానేస్తాను."

కప్పల గది ఆవరణలో చిట్టచివర ఉంది. గోడల వెంట ఇనుప అరలు, వాటి మీద గాజుపెట్టెలు, పెట్టెల్లో తడి నాచు. ఎక్కడో కొండవాగు ఒకటి ఎండిపోతుంటే, అక్కడ మాత్రమే బతికే బోదురుకప్పల్ని కొన్నింటిని తెచ్చి ఇక్కడ గుడ్లు పెట్టించారు. తోకలు ఊడి, కాళ్లొచ్చి, రెండువందల పైచిలుకు పిల్లలు తేలాయి. ఒక్కొక్కటి చిటికెనవేలి గోరంత. ఒళ్లంతా గరుకు, కళ్లు మాత్రం తళతళ.

మూడో వారం నుంచి అవి చిక్కిపోవడం మొదలైంది. నడుముల దగ్గర ఎముకలు తేలాయి. రోజూ పొద్దున్నే చచ్చినవాటిని పట్టకారుతో తీసి పక్కన పెట్టడం బువ్వమ్మ పనుల్లో చేరింది. మొదటి రోజు నాలుగు. తరవాతి రోజు ఏడు. ముట్టుకోనని అన్న మనిషే వాటిని దూదిలో చుట్టిగాని డాక్టరుకు పంపేది కాదు.

"తిండి మానేశాయంటే లోపల రోగం ముదిరినట్టే. మన చేతుల్లో ఏముంది?" అన్నాడు ముప్పై ఏళ్ల సర్వీసున్న కీపరు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. చచ్చినవాటిని పరీక్షకు పంపింది. బూజు లేదు, క్రిమి లేదు అని రిపోర్టు వచ్చింది.

ఆ రోజు గది కడిగాక బువ్వమ్మ స్టూలు లాక్కుని ఒక పెట్టె ముందు కూర్చుంది. కీపరు ఆవగింజంత కీచురాళ్ల పిల్లల్ని లోపల చల్లి వెళ్లాడు. ఒక కప్పపిల్ల వాటిలో ఒకదాని మీద చూపు నిలిపి, మెల్లగా దగ్గరికి జరిగి, గబుక్కున ముందుకు వంగింది. కీచురాయి తన దారిన తాను నడిచిపోయింది. పిల్ల మళ్లీ వంగింది, మళ్లీ తప్పింది. తొమ్మిదోసారికి అలసి కళ్లు మూసుకుంది. పక్క పెట్టెలోనూ అదే వరస.

బువ్వమ్మ స్టూలు మీంచి లేచింది. తిరిగొచ్చిన కీపరుతో చెప్పింది.

"నీ పని తుడవడం, అమ్మా. వైద్యం కాదు," అన్నాడతను.

ఆమె చీపురు మూలన పెట్టి నేరుగా డాక్టరు గదికి నడిచింది.

"డాక్టరమ్మా, ఆకలి లేని బిడ్డ చెంచా చూడగానే మొహం తిప్పుకుంటుంది. నోట్లో పుండున్న బిడ్డ చెంచా కోసం ఏడుస్తుంది గాని మింగలేదు. ఈ పిల్లలు మొహం తిప్పుకోవడం లేదు. ఆకలితో మాడుతున్నాయి. నోటికి అందడం లేదు, అంతే."

డాక్టరు వెంటనే లేచింది. పెట్టె దగ్గరికొచ్చి ఫోనులో వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి చూసింది. నాలుక సరిగా బయటికి సాగడం లేదు. తగిలినా పురుగు అంటుకోవడం లేదు. ఫోను పక్కన పెట్టి, "విటమిన్ ఎ తక్కువైతే నాలుక ఇలా అవుతుందని చదివాను. నాకెందుకు తట్టలేదు," అంది.

మందు సులభమే. రెండ్రోజులకోసారి వీపు మీద ఒక్క చుక్క, చర్మమే పీల్చుకుంటుంది. కీచురాళ్లకు క్యారెట్, ఆకుకూర మేపాలి. కాని నాలుక బాగయ్యే దాకా పిల్లలు బతకాలి కదా.

"ఒక్కోదానికీ చేత్తో తినిపించాలి. నూట నలభై ఉన్నాయి," అంది డాక్టరు.

"చేతితొడుగులు ఇవ్వండి," అంది బువ్వమ్మ.

నోరు తెరవడానికి పల్చటి పరికరం కావాలి. భర్త తన మోకాలి పాత ఎక్స్‌రే ఫిల్ము కడిగి, వేలెడంత ముక్కలు కత్తిరించి, అంచులు గుచ్చుకోకుండా అరగదీసి ఇచ్చాడు. "నా మోకాలు ఇన్నాళ్లకు ఒకరికి పనికొచ్చింది," అన్నాడు.

తడి తొడుగు వేసుకున్న అరచేతిలో పిల్లను కూర్చోబెట్టి, పెదవి అంచున ఫిల్ము ముక్క ఆనించి, నోరు తెరవగానే మెత్తగా నలిపిన పురుగును లోపల పెట్టేది. మొదటి రోజు ఇరవై పిల్లలకు పెట్టేసరికి మెడ పట్టేసింది. నాలుగో రోజుకు చెయ్యి తిరిగింది. తినిపిస్తూ మాట్లాడేది: "ఇదొక్కటే, బంగారం. మింగు. ఉమ్మావంటే ఊరుకోను." అయినా మరో ముప్పై నాలుగు పోయాయి. పోయినవాటిని తీసేటప్పుడు ఆమె మాట్లాడేది కాదు.

పదమూడో రోజు మధ్యాహ్నం, కీచురాళ్లు చల్లిన కాసేపటికి చిన్న చప్పుడు వినిపించింది. పెట్టెలో ఒక పిల్ల మింగుతోంది. కళ్లు లోపలికి నొక్కుకుపోయి పైకొచ్చాయి. ఎదురుగా ఉన్న కీచురాయి లేదు.

కీపరు గుమ్మంలో ఉన్నాడు. "చూశావా, అన్నా?" అంది ఆమె. అతను వచ్చి స్టూలు పక్కన నేల మీదే కూర్చున్నాడు. ఇద్దరూ మరో మూడింటిని చూశారు.

"ఇంకా తినలేనివి ఎన్ని?" అన్నాడతను.

"యాభై దాకా."

"ఎలా పట్టుకోవాలో చూపించు. నా చెయ్యి మొరటు."

"చెయ్యి తడి చేసుకో ముందు. నొక్కకు."

నూట ఆరు బతికాయి. తరవాతి వానాకాలం ఎండిన వాగుకు పై ఎత్తున, ఊట ఇంకా పారే చోట కంచె కట్టి అరవైని వదిలారు. డాక్టరు బువ్వమ్మను కూడా జీపులో తీసుకెళ్లింది. బువ్వమ్మ పెట్టె మూత తీసి పట్టుకుంటే, కప్పలు కాసేపు కదలకుండా కూర్చుని, ఒక్కొక్కటే గడ్డిలోకి గెంతాయి. చివరిది ఎంతకీ వెళ్లలేదు. ఆమె వేలితో వెనక నుంచి చిన్నగా తోసింది.

గదిలో ఉంచుకున్న జంటలు ఈ ఏడు మళ్లీ గుడ్లు పెట్టాయి. కీచురాళ్లకు మొదటి రోజు నుంచే క్యారెట్ తురుముతున్నారు. తురిమేది కీపరు.