వీధి గుంజకు కట్టేసిన దూడ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద అందుకున్నది మా తాతయ్య కాదు, ఆయన కొన్న జెర్సీ ఆవు. కంకిపాడు దాటి కాలువగట్టు వెంట కొంత దూరం పోతే వచ్చే ఊరు మాది. తొంభైల మొదట్లో అటువైపు జెర్సీ ఆవులు కొత్త. అందుకని తాతయ్య పాకలో గాలి వచ్చే ముందు భాగం దానికి ఇచ్చి, కింద బండలు పరిపించి, పొద్దున్నే తన చేత్తో కడిగి తుడిచేవాడు. నాకు చీర తేవడానికి తీరని మనిషికి ఆవుకి తువ్వాలు తేవడానికి తీరిందే అని మా నాయనమ్మ ఎత్తిపొడిచేది. ఆయన విననట్టే ఉండేవాడు.

ఆవు పక్కన మా పాత గేదె ఉండేది. ఆ ఏడు ఎండలు ముదరకముందే అది ఈనింది. దున్నదూడ. పశువుల పాకలో లెక్క మనుషుల ఇళ్ళలో లెక్కకి తలకిందులుగా ఉంటుంది. పెయ్యదూడ పుడితే మావాళ్ళు ఇంటింటికీ జున్ను పంపి సంబరపడతారు. దున్నదూడ పుడితే నాలుక చప్పరించి ఊరుకుంటారు. మా మేనత్తకి రెండోసారి కూడా ఆడపిల్లే పుట్టినప్పుడు ఇదే పెద్దమనుషులు సరిగ్గా అలాగే నాలుక చప్పరించడం నేను విన్నాను. ఆ వయసులో కూడా నాకు ఒళ్ళు మండింది.

దున్నదూడతో పనల్లా గేదె పాలు చేపడానికే. రెండు గుక్కలు తాగనిచ్చి లాగేసి, పాక వెనక మూల మట్టిగోడ పక్కన కట్టేసేవారు. దాన్ని కడిగే మనిషి లేడు, నిమిరే మనిషి లేడు. దానికి తోడు వేసవికి కాలువలు కట్టేశారు. నీళ్ళున్నన్నాళ్ళూ పశువులు మధ్యాహ్నమంతా కాలువలో పడుకుని ఒంటినిండా బురద పూసుకుని వచ్చేవి, పిడుదుల బాధ కొంతైనా తగ్గేది. కాలువ ఎండాక ఆ దారి కూడా మూసుకుపోయింది. దూడ చెవుల్లో, తోక కింద, తొడల సందుల్లో పిడుదులు గుత్తులుగా పట్టాయి. కొన్ని నువ్వుగింజలంత ఉండేవి, రక్తం తాగి ఉబ్బినవి ఆముదపు గింజలంత ఉండేవి.

పిల్లలకి అదొక ఆట. సాయంత్రం పూట దూడ దగ్గర చేరి, ఒక్కో పిడుదునీ పీకి, బొటనవేలి గోటి మీద పెట్టి, పేనుని కుక్కినట్టు కుక్కేవాళ్ళం. టప్పుమనేది. చేతికైన రక్తం లంగాకి తుడుచుకునేవాళ్ళం. పెద్దవాళ్ళూ అంతే. తలలో పేనుకి చేసిన మర్యాదే పిడుదుకీ చెయ్యాలని మా ఊరంతా నమ్మకం, అందులో ప్రమాదం ఉందని ఎవరికీ తోచలేదు.

ఆ వేసవిలో మా మేనత్త తన ఇద్దరు ఆడపిల్లల్నీ తీసుకుని బెజవాడ నుంచి వచ్చింది. మా మావయ్య ఆటోనగర్లో లారీలకి కరెంటు వైర్లు బిగించే పని చేసేవాడు. అత్త నోరున్న మనిషి. అనాల్సిన మాట ముఖం మీదే అనేస్తుందని మా చుట్టాల్లో ఆమెకి పేరు. ఆ పేరుని ఆమె నగలాగా పెట్టుకు తిరిగేది.

అత్త వచ్చిన కొద్ది రోజులకే జెర్సీ ఆవు మేత మానేసింది. ఒళ్ళు కాలిపోతోంది, చెవి కింద బిళ్ళ కట్టింది, కళ్ళ వెంట నీరు కారుతోంది. నాయనమ్మ దిష్టి అని గుమ్మడికాయ కొట్టించింది. తాతయ్య కొత్త దాణా మార్చి చూశాడు. ఏదీ పనిచెయ్యక చివరికి పశువుల డాక్టరు గారిని పిలిపించారు. ఆయన ఆవుని చూసి ఇంజెక్షన్ చేసి, వెళ్ళబోతూ వెనక మూలకి నడిచాడు. దూడ పెదవి పైకెత్తి చూశాడు. చిగుళ్ళు సున్నంలా తెల్లగా ఉన్నాయి.

"ఆవుకి ఈ జ్వరం తెచ్చింది పిడుదులేనండీ. వాటి పుట్టిల్లు ఇదిగో, ఇక్కడుంది. ఒక్క ఆవుకే మందు రాసి దీన్ని వదిలేస్తే ఇవన్నీ మళ్ళీ దాని మీదకే ఎక్కుతాయి. పశువులన్నిటికీ ఒకేరోజు మందు పట్టించాలి. ఆ గోడ నెర్రెల్లో గుడ్లు పెడతాయి, గీకించి సున్నం కొట్టించండి. పిల్లల్ని కూడా రోజూ చూసుకోవాలండీ, ఇవి మనుషుల్నీ కుడతాయి. కుట్టాక జ్వరం గాని వస్తే దాచుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళి ఆ సంగతి చెప్పండి," అన్నాడు.

తాతయ్య తల ఊపాడు. డాక్టరు గారు మలుపు తిరిగాక మాత్రం, దున్నదూడకి మందు దండగన్నాడు. మందు ఆవుకి, గేదెకి చాలన్నాడు. సంతకి పశువుల్ని తోలే బేరగాడు ఎల్లుండి వస్తాడు, దూడని వాడికి ఇచ్చేస్తే పీడా పోతుందన్నాడు. బేరగాడు తోలుకుపోయిన దున్నదూడలు ఎక్కడికి పోతాయో పిల్లలమైనా మాకు తెలుసు. అత్త చాలాసేపు నచ్చజెప్పింది. దూడ పోయినా గోడలో పిడుదులు పోవు కదా అంది. ఆయన ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాడు. నేను పాక వెనక్కి పోయి ఏడ్చాను. అత్త నన్ను చూసింది గాని ఓదార్చలేదు.

మర్నాడు పొద్దున్న ఊళ్ళోవాళ్ళంతా పాల క్యాన్లు పట్టుకుని పాలకేంద్రానికి వెళ్ళే వేళకి అత్త దూడని విప్పింది. మా ఇంటి పక్కసందులోంచి నడిపించుకొచ్చి వీధి వసారా గుంజకి కట్టింది. చెవి మడత పైకి తిప్పి, అందరికీ కనిపించేలా పట్టుకుని నిలబడింది. పోయేవాళ్ళు ఆగారు. ఒకామె ముక్కు మీద కొంగు వేసుకుంది. పాలకేంద్రంలో పాలు కొలిచే ఆయన సైకిల్ దిగి, "బాబాయి గారూ, మేం రోజూ పోయించుకునేది ఈ పాకలో పాలేనాండీ?" అని అడిగాడు. తాతయ్య పంచె సర్దుకుంటూ బయటికొచ్చాడు. ఆయన ముఖం ఎర్రబడటం నేనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు.

"ఇదేం పనే? లోపల కట్టెయ్."

"ఇన్నాళ్ళూ లోపలేగా కట్టాం నాన్నా. ఏమైందో చూశావుగా."

"ఊళ్ళో నా పరువు తీస్తున్నావు."

"నేను తియ్యలేదు. ఇదిగో, చెవిలో ఉన్నాయి చూడు, అవి తీశాయి. మందు పట్టిస్తానను, ఇప్పుడే విప్పుతాను."

ఆయన పలుపు కోసం చెయ్యి చాచాడు. అత్త వదల్లేదు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, నేనూ వెళ్ళి పలుపు పట్టుకున్నాను. నా వెనకే అత్త కూతుళ్ళిద్దరూ వచ్చి పట్టుకున్నారు. ముగ్గురు ఆడపిల్లలు, ఒక ఆడకూతురు, ఒక దున్నదూడ. ఆ ఇంట్లో నాలుక చప్పరింపులు తిన్నవాళ్ళం అందరం ఒక్క తాడుకి వేలాడుతున్నాం. తాతయ్య మమ్మల్ని వరసగా చూసి, లోపలికి పోయి, డాక్టరు గారిచ్చిన మందు సీసా తెచ్చి అరుగు మీద ఠక్కున పెట్టాడు.

ఆ రోజంతా పనే. అత్త తాతయ్య పాత పొడుగు చేతుల చొక్కాలు మాకు తొడిగి, కింద పైజామాలు వేయించి, వాటి అంచుల్ని పాదాల దగ్గర తాడుతో బిగించి కట్టింది. మందు దగ్గరికి మాత్రం మమ్మల్ని రానివ్వలేదు. చేతులకి పాలిథిన్ సంచులు కట్టుకుని, డాక్టరు గారు చెప్పిన పాళ్ళలో కలిపి, తనే మూడింటికీ పట్టించింది. మేం గోడ నెర్రెలు గీకాం. పాకలో పాత గడ్డి అంతా అత్త ఊరవతలకి మోయించి తగలబెట్టించింది. పని అయ్యాక మాకు తలంట్లు పోసి, వీధి అరుగు మీదే వరసగా కూర్చోబెట్టి, చెవుల వెనక, మెడ మీద, జుట్టు పాయల్లో, మోకాళ్ళ వెనక వెతికింది. పోయేవాళ్ళు నవ్వితే, మీ పిల్లల్నీ తీసుకురండి చూస్తానంది.

నా చెవి వెనక ఒకటి దొరికింది. అలవాటుగా చెయ్యి అటు పోయింది, పీకి కుక్కుదామని. అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. డాక్టరు గారిని అడిగాను, దాని కడుపులో ఉన్నది పగిలితే నీ గోటి సందులోకే పోతుందట, కదలకుండా కూర్చో అంది. సన్నటి వైర్లు పట్టుకోవడానికి మావయ్య వాడే చిన్న పట్టకారు ఆమె సంచిలో ఉంది. దాంతో పిడుదుని చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగింది. కాల్చలేదు, కిరసనాయిలు పొయ్యలేదు. దాన్ని చిన్న సీసాలో వేసి మూత బిగించి, కుట్టినచోట సబ్బుతో కడిగి, తన చేతులూ కడుక్కుంది. ఆ తర్వాత ఎన్నో రోజులు పొద్దున్నే నా నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. జ్వరం రాలేదు.

దూడని వీధిలో కట్టిన మర్నాడు బేరగాడు వచ్చాడు. తాతయ్య వాడికి మజ్జిగ ఇచ్చి పంపించేశాడు, దూడ మాట ఎత్తలేదు. ఆవు మెల్లగా తేరుకుంది. తన పొరపాటని ఆయన ఎప్పుడూ అనలేదు, అనే మనిషీ కాదు. అయితే కాలువకి నీళ్ళు వదిలిన రోజున, జెర్సీ ఆవు చూస్తుండగా, ఆయన మొదట విప్పింది దున్నదూడని. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఎవరూ చూడటం లేదనుకుని, దాని చెవుల్లో వేలు పెట్టి వెతుకుతుండగా నేను గట్టు మీద నుంచి చూశాను.

ఇప్పుడు నన్ను పెద్దమ్మా అని పిలిచే పిల్లలు ఇంటినిండా ఉన్నారు. పొలం నుంచి వచ్చినా, కుక్కపిల్లతో ఆడి వచ్చినా, చెవుల వెనక చూపించందే వాళ్ళకి నా దగ్గర అన్నం లేదు. విసుక్కుంటారు, విసుక్కోనీ. ఎవరింటికైనా వెళితే ముందు గది ఎంత బాగుందో చూపిస్తారు, నా కాళ్ళు మాత్రం పెరటి మూలకి పోతాయి. నా రెండో కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి మంచం పక్కన ఒక పెద్దాయన నాలుక చప్పరించి బయటికి పోయాడు. నేను లేచి కూర్చుని, బిడ్డని ఎత్తుకుని, మంచం దిగి, అందరూ కూర్చున్న వరండాలోకి తీసుకెళ్ళి ఆయన ఎదుటే నిలబడ్డాను. నా చేతిలో పలుపు లేదన్న మాటే గాని, నా వేళ్ళు బిగుసుకున్న తీరు మాత్రం ఆ రోజుదే.