రేకు మీద రెండు దెబ్బలు

మా ఆయన బస్సు డ్రైవరు, నేను కండక్టర్ని. నల్గొండలో ఒకే డిపోలో పనిచేసి, ఏడాది తేడాతో రిటైరయ్యాం. ఇక ఇంటిపట్టున ఉంటాడనుకుంటే, ఎక్కడినుంచో ఒక పాత వ్యాను తోలుకొచ్చి వాకిట్లో పెట్టాడు. సీట్లు పీకి మంచం బిగించాడు, గ్యాస్ పొయ్యికి జాగా చేశాడు, పైన సోలార్ పలక పెట్టించాడు. నా ఖాకీ కోటు కత్తిరించి కిటికీలకు పరదాలు కుట్టించాడు. ఆ కోపంతో రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

ఇట్లా బండినే ఇల్లు చేసుకున్నవాళ్లంతా దేవరకొండ అవతల ఒక బీడులో కలుస్తున్నారని ఫోన్లో చూసి, నన్నూ బయల్దేరదీశాడు. అక్కడ కరెంటు లేదు, నల్లా లేదు, నీడకు నాలుగు తుమ్మచెట్లు. ఎటు చూసినా బండరాళ్లు, ఎండిన గడ్డి. ఇరవై బండ్ల దాకా వచ్చాయి. హైదరాబాద్ పిల్లల బండ్లలో ఫ్రిజ్జులున్నాయి, స్నానాల గదులున్నాయి. మా బండిలో బిందె ఉంది. అయినా సాయంత్రం అందరూ మా దగ్గరికే చేరారు. నా చాయ్ కోసమని నేనంటాను, తన ముచ్చట్ల కోసమని ఆయనంటాడు.

ఉద్యోగాలు అయిపోయినా మాకొక అలవాటు పోలేదు. బండి కదలాలంటే నేను రేకు మీద రెండుసార్లు కొట్టాలి, ఆగాలంటే ఒకసారి. బస్సులో గంట తాడు తెగిన రోజుల్లో పడిన అలవాటు అది. నేను కొట్టనిదే ఇంటి ముందునుంచి కూడా బండి తీయడు. నాకది భలే ముచ్చటగా ఉండేది.

రెండో రోజు పొద్దున పక్క ఊరి బోరు దగ్గర నీళ్లు పట్టుకొద్దామని బయల్దేరాం. ఆయన ఇంజను స్టార్టు చేశాడు. నేను బిందె కోసం తుమ్మచెట్టు కిందికి పోయాను. ఇంతలో పక్క బండి అమ్మాయి ఎడమవైపు నుంచి వచ్చి, "అంకుల్, మీ బండి సూపర్!" అంటూ రేకు మీద ప్రేమగా రెండుసార్లు తట్టింది. అంతే! కండక్టర్ని వదిలేసి డ్రైవర్ సాబ్ వెళ్లిపోయాడు.

"హోల్డాన్! హోల్డాన్!" అని బిందె పట్టుకుని వెనకాల పరుగెత్తాను. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వుతూనే ఉన్నాను. బండి ఎడమ మూల పోయి దూడంత బండరాయికి గుద్దుకుని ఆగింది.

ఆ బండ కొత్తగా వచ్చింది కాదు. ముందురోజు దానిమీద కూర్చునే అందరికీ చాయ్ పోశాను. నా నవ్వు ఆగిపోయింది.

ఆయన దిగీ దిగకముందే అందరి ముందూ విరుచుకుపడ్డాను. "గంత పెద్ద బండ కనబడలేదా? కండ్లు యాడ పెట్టుకున్నవ్? గా పిల్ల ముందట నిలబడుంటే ఏమయ్యేది?"

పిల్లలు మెల్లగా పక్కకు తప్పుకున్నారు. ఆయన వంగి, సొట్టబోయిన బంపర్ని తడుముతూ అన్నాడు.

"ఎడమ కన్ను కనబడ్తలేదే. నీటి కాసులన్నరు దవాఖానల. పోయిన చూపు ఇగ రాదట. కుడికంటికి మందేస్తున్న."

"ఎన్నడు పోయినవ్ దవాఖానకు?"

"ఎండకాలం. నువ్వు మీ అక్కోళ్లింటికి పోయిననాడు."

"మరి గిన్ని దినాలు బండి ఎట్ల నడిపినవయ్యా?"

"ఎడమ దిక్కు నువ్వుంటవ్ గదా. నువ్వు కొట్టినవంటే తొవ్వ సాఫ్ ఉన్నట్టే."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నేను ముచ్చటనుకున్న ఆ రెండు దెబ్బల్ని నమ్ముకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇన్నాళ్లూ రోడ్లమీద తిరిగాడు ఈ మనిషి.

"నాకు చెప్తే ఏమైతుండె?"

"బండి ఇడిసిపెట్టుమంటవని చెప్పలే. బండి లేకుంటే నేనేం జెయ్యాలె?"

"బండి ఇడువుమని ఎవ్వలన్నరు? జాగా మారు, అంతే" అని చెయ్యి చాపాను. నాకు లైసెన్సుంది, మా బిడ్డ కారు నడుపుతాను. ఈ బండిని మాత్రం ఆయన నన్నెన్నడూ ముట్టనియ్యలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టడానికి ఆయన పిడికిలి తొందరగా విప్పలేదు. విప్పేదాకా నేనూ చెయ్యి తీయలేదు.

పిల్లలు బండిని వెనక్కి నెట్టారు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను, ఆయన రోజూ నేను కూర్చునే ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఇంజను నడుస్తోంది.

"ఇంక తియ్యవేందే?" అన్నాడు.

"నువ్వు కొట్టంది ఎట్ల తీస్త డ్రైవర్ సాబ్?"

ఆయన మెడ పూర్తిగా తిప్పి, మంచి కంటితో ఎడమ దిక్కంతా చూశాడు. చెయ్యి కిటికీ బయట పెట్టి రేకు మీద ఒకసారి కొట్టాడు. ఒక్క దెబ్బంటే ఆగమని. నేను ఆగాను. చాలాసేపటికి రెండోది కొట్టాడు.